కొండకి వెళ్ళిన ఆదివారాలు

"ఆ స్కీ చెక్కలన్నీ తీసుకుపొమ్మనవే. అవి నా కళ్ళబడకూడదు..." అంది సుభద్ర కూతురు మనోజ్ఞతో.

భర్త వాసుదేవరావు కరోనాతో ఆసుపత్రిలో పోయి నలభై రోజులైంది. కడసారి చూపుకి కూడా రానివ్వలేదు. జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్ కార్ల ఫ్యాక్టరీకి ఫిట్టరుగా వచ్చిన మనిషి. చిన్నప్పుడు దమ్ము చేలో ఎద్దుల వెనక బల్ల మీద నిలబడి తోలిన కాళ్ళు కదా, స్కీలు తొడిగితే మొదటి రోజే మంచు మీద నిలబడ్డాయి. హార్జ్ కొండల్లో, పొట్టకూటికి వలసొచ్చిన వాళ్ళ పిల్లల్ని పోగేసి, తెల్లవాళ్ళ ఆట మనకెందుకని నలుగురూ నవ్వినా, మొట్టమొదట స్కీయింగ్ నేర్పింది ఆయనే. నలభై ఆరేళ్ళ ఆదివారాలు ఆ కొండకే పోయాయి. పులిహోర కట్టివ్వడమే గాని సుభద్ర ఒక్కనాడూ వెంట వెళ్ళలేదు. కిందటి మార్చిలో ఒక ఆదివారం పొద్దున, "ఈసారైనా రావే" అని ఆయన అడిగితే, "నన్ను ఆ మంచులో పూడ్చడానికా?" అనేసింది. ఆయన పులిహోర డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ వారంలోనే లాక్‌డౌన్ అని కొండ మూసేశారు. చలికాలం రాగానే ఆయన్ని అంబులెన్స్ ఎక్కించారు. ఆ మాట మనసులో పెట్టుకునే పోయాడా... అదే ఆమెని తినేస్తోంది.

చెక్కల కోసం మెహ్మెత్ వచ్చాడు. టర్కీ కూలీ కొడుకు, ఆయన మొదటి శిష్యుడు. తల నెరిసిన ఆ మనిషే ఇప్పుడు ఆయన పెట్టిన స్కీ బడి నడుపుతున్నాడు. మాస్కుతో మెట్ల దగ్గరే ఆగాడు. మనోజ్ఞ ఇంటి కింద సామాన్లుంచే కెల్లర్‌లోంచి పదకొండు జతలు మోసుకొచ్చి, వాటిలో పొట్టి జతని చూసి తన చిన్నప్పటిదేమో అంది.

మెహ్మెత్ తల అడ్డంగా ఊపాడు. "కాదు, మీ అమ్మవి."

ఏటా చలి మొదలవగానే నున్నగా జారేలా ముందు వాటికే మైనం పట్టించేవాడట. ప్రతి ఆదివారం భుజాన వేసుకొచ్చి, గోడకి ఆనించి, సాయంత్రం మళ్ళీ మోసుకెళ్ళేవాడట. ఎవరివని పిల్లలడిగితే, మా ఆవిడవి, ఆవిడకి చలి, తగ్గాక వస్తుంది అనేవాడట.

సుభద్ర గుమ్మం పట్టుకుంది. "ఆఖరి ఆదివారం... ఆ రోజు కూడానా?"

"ఆ రోజు కూడా తెచ్చారు ఆంటీ."

ఆమె అక్కడే గడప మీద కూలబడి చాలాసేపు ఏడ్చింది. మనోజ్ఞ ఆ పొట్టి జత తీసి లోపల పెట్టబోతే వద్దంది.

"అవీ తీసుకెళ్ళు నాయనా, ఎవరైనా తొడుక్కోనీ. కానీ కాసేపు కూచో... అక్కడ ఆయన పులిహోర ఎక్కడ కూచుని తినేవాడు?"

మెహ్మెత్ రెండు మీటర్ల అవతల మెట్టు మీద కూచున్నాడు. మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.