వరుసలో మొదటి ఫైలు

మధ్యాహ్నం 12:04. సువావ్ రేవులోని గ్యాస్ టెర్మినల్ కంట్రోల్ రూములో ఒక ఏసీ మెకానిక్‌ను అరెస్టు చేశారు.

మెకానిక్ అసలు పేరు లియావ్. తైపే గూఢచారి శాఖ మనిషి. పట్టించింది యూ-హ్వా. ఆమె టెర్మినల్‌కు సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్, నిన్నటిదాకా లియావ్‌కు సమాచారం అందించిన ఏజెంటు. విదేశీ ముఠా జీతం కూడా తీసుకుంటోందని బేడీలు పడ్డాకే అతనికి తెలిసింది.

గార్డు బేడీ రెండో కొసను పైపుకు తగిలించాడు. అక్కడ రోజూ ఒంటిగంటన్నర దాకా అందరికీ కునుకు వేళ. లైట్లు ఆర్పి, తాళంచెవితో సహా వెళ్లిపోయాడు.

ముసలి ఇంజనీరు త్సాయ్ కీబోర్డు ముందున్నాడు. కొత్త ప్రోగ్రాం 12:30కి ఎక్కాలి. బయట ఓడ ఆగే బెర్తులో నలభై రెండు మంది ఉన్నారు.

లియావ్‌కు స్క్రీన్ కనబడుతోంది. మొదటి రెండు లైన్లు రెండు హెడర్ ఫైళ్లను, అంటే ప్రోగ్రాం ముందుగా చదివే నిర్వచనాల ఫైళ్లను, పిలుస్తున్నాయి. రెండూ ఉదయం అతను చదివినవే: ఒకటి అసలుది, ఒకటి ముఠా దొంగచాటుగా చేర్చింది. రెండింటిలోనూ పీడనం కొలిచే టైపు నిర్వచనం ఉంది. అసలు ఫైల్లో దానికి నాలుగు బైట్లు, ముఠా ఫైల్లో రెండు. రెండు బైట్లలో అంకె 65,535 దాటితే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ట్యాంకు ఖాళీ అనుకుని వాల్వు పూర్తిగా తెరుచుకుంటుంది, ట్యాంకు పేలుతుంది. ఒకే ఫైలు రెండుసార్లు చేరకుండా ఆపే కాపలా పదం రెండు ఫైళ్లకూ ఒకటే. ముందు వచ్చింది తలుపు వేసుకుంటుంది, రెండోది బయటే ఉండిపోతుంది. ముఠా ఫైలు పైన ఉంది.

"మాస్టారూ, ఆ రెండు లైన్లూ తారుమారు చెయ్యండి!"

"నీకు సి భాష కూడా వచ్చా? మరి పోయినవారం నువ్వు బాగుచేసిన ఏసీ నీళ్లెందుకు కారుస్తోందయ్యా?"

"నలభై రెండు ప్రాణాలండీ!"

"అరవకు బాబూ. పడుకున్నవాళ్లు లేస్తారు."

పక్క కుర్చీలో ఉన్న యూ-హ్వా నవ్వింది. "దొంగలంతా ఇంతే మాస్టారూ. మీరు ఎంటర్ కొట్టండి."

లియావ్ బేడీని లాగాడు. పైపు కదల్లేదు.

12:28. త్సాయ్ వేలు కీ మీద ఆగింది.

"ఈ పై లైను నువ్వు పెట్టిందేనా అమ్మాయ్? ఫైలు పేర్లలో పి ముందా, బి తరవాతా? నా ప్రోగ్రాంలో అక్షర క్రమం తప్పకూడదని ఎన్నిసార్లు చెప్పాను?"

"ఇప్పుడెందుకండీ, టైమైపోతోంది."

"అయితే కానీ."

పై లైను కోసి కింద అతికించాడు. 12:29:51కి ఎంటర్ కొట్టాడు.

12:30. పీడనం 71,204. వాల్వు మూసే ఉంది. యూ-హ్వా కుర్చీ ఖాళీగా ఉంది.

1:30కి లైట్లు వెలిగాయి. తైపే నుంచి ఫోను వచ్చాక, 1:52కి గార్డు బేడీలు తీశాడు.

లాగ్ బుక్కులో ఆ పూట ఒకే ఎంట్రీ ఉంది: "12:29. అక్షర క్రమం సరిచేశాను. ఏసీ ఇంకా కారుతోంది."