తొమ్మిదిసార్లు తీసిన మూత

మధ్యాహ్నం రెండు గంటలకు టముకు మూడోసారి మూత తీసింది.

"చూడు నానమ్మా, ఎలా ఉందో."

నానమ్మ కళ్ళజోడు సరిచేసుకుని గిన్నెలోకి తొంగి చూసింది. కోడిముక్కలు, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, క్యారెట్లు. అన్నీ పల్చటి నీళ్ళలో బుద్ధిగా కూర్చున్నాయి.

"ఉడుకుతున్నట్టే లేదే. ఈల వెయ్యని కుక్కర్‌ని నేను నమ్మను" అంది నానమ్మ.

"ఇది స్లో కుక్కర్ నానమ్మా. ఈల వెయ్యదు. చప్పుడు చెయ్యకుండా నెమ్మదిగా వండుతుంది."

"అయితే అచ్చం నీకు వ్యతిరేకం అన్నమాట."

నేల మీద కూర్చున్న తమ్ముడు బఠాణీ కిసుక్కున నవ్వాడు.

టముకు అసలు పేరు అది కాదు. ఇంట్లో ఏం జరిగినా ఐదు నిమిషాల్లో వీధంతా చెప్పి వస్తుందని నానమ్మ పెట్టిన పేరు. బఠాణీకి మొదటి పన్ను ఊడినప్పుడు, ఆ పన్ను పట్టుకుని నాలుగిళ్ళు తిరిగింది మరి. ఇప్పుడు టముకుకి పదకొండేళ్ళు. పేరు మాత్రం పోలేదు.

ఈ రోజు వంట మొత్తం టముకుదే. దానికో కారణం ఉంది.

నాన్న బస్సు డ్రైవరు. పదహారు రోజుల క్రితం ఆయన డ్యూటీ సాయంత్రానికి మారింది. అమ్మ పనిచేసేది ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో. అమ్మ ఇంటికొచ్చి చెప్పులు విప్పేసరికి, నాన్న బూట్లు వేసుకుని వెళ్ళిపోయి ఉంటాడు. ఇద్దరూ ఫ్రిజ్ మీద చీటీలు అంటించి మాట్లాడుకుంటున్నారు. "పాలు తెచ్చాను." "బఠాణీకి దగ్గు తగ్గింది." ఐదుగురూ ఒక్క బల్ల దగ్గర కూర్చుని తిని పదహారు రోజులైంది.

ఈ రోజు అమ్మని ఐదింటికే పంపిస్తామన్నారు.

"నాన్న ఆరింటికి బయల్దేరాలి. ఐదున్నరకి కూర్చుంటే అరగంట మనది" అని పొద్దున అమ్మ అంది.

"అయితే వంట నాది" అంది టముకు.

అమ్మ కాసేపు ఆలోచించింది. తర్వాత చికెన్ కడిగి ఫ్రిజ్‌లో పెట్టి, ఒక చీటీ రాసిచ్చింది. ఏది ఎంత వెయ్యాలో, ఎన్నింటికి స్విచ్ వెయ్యాలో అన్నీ ఉన్నాయి. చివరి మాట కింద రెండు గీతలు కూడా గీసింది. "మూత జోలికి పోకు."

టముకు ఒక్కటి తప్ప అన్నీ చీటీలో ఉన్నట్టే చేసింది. ఏడుస్తూనే ఉల్లిపాయలు తరిగింది. ముక్కలకి ఉప్పు, మిరియాలపొడి పట్టించి చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుంది. సరిగ్గా పన్నెండింటికి స్విచ్ వేసింది.

ఆ చివరి మాట దగ్గరే వచ్చింది చిక్కు. మూత తీసి పెట్టడానికి ఎంతసేపు? ఒక్క క్షణం. ఒక్క క్షణానికి ఏమవుతుంది?

మూడింటికి కింది ఇంటి టైలర్ పిన్ని నాన్న చొక్కాకి గుండీ కుట్టి తెచ్చింది. టముకు ఆమె చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళి, మూత తీసింది.

"అబ్బో, ఇదంతా నువ్వే చేశావా?" అంది పిన్ని.

ఆ మాట ఎంత బాగుందో. మళ్ళీ వినాలనిపించింది. అందుకని వెళ్ళి, క్లాసులో తన పక్కన కూర్చునే రింగుల జుట్టు పిల్లని పిలుచుకొచ్చింది. తర్వాత ఆ పిల్ల వాళ్ళ అక్కని. ఆ తర్వాత నానమ్మకే ఇంకోసారి. చూడ్డానికి ఎవరూ దొరకనప్పుడు తనే తీసి చూసుకుంది. తీసిన ప్రతిసారీ తెల్లటి ఆవిరి గుప్పున లేచి గాల్లో కలిసిపోయింది.

నాన్నకి మాత్రం చూపించలేదు. ఆయన గదిలో నిద్రపోతున్నాడు.

ఐదింటికి అమ్మ వచ్చింది. టముకు అప్పటికే క్రీమ్ పట్టుకుని సిద్ధంగా ఉంది. క్రీమ్ చివర్లోనే వెయ్యమని చీటీలో ఉంది. పోసి గరిటెతో కలపగానే నీళ్ళన్నీ మీగడ రంగుకి తిరిగాయి. ఇల్లంతా వెల్లుల్లి వాసన.

"నేను చూడనా?" అంది అమ్మ.

"నువ్వు కూర్చో. వంట నాది" అంది టముకు.

ఐదున్నరకి అందరూ బల్ల చుట్టూ చేరారు. నాన్న తల దువ్వుకుని యూనిఫాం చొక్కాతో వచ్చాడు.

"చెఫ్ గారూ, కాస్త త్వరగా. నేను వెళ్ళకపోతే బస్సు కదలదు. బస్సు కదలకపోతే జనం ఊరుకోరు."

టముకు అందరికీ వడ్డించింది. అందరికంటే ఎక్కువ నాన్నకే. చివరగా తన ప్లేట్లో ఒక ముక్క వేసుకుని ఫోర్కుతో నొక్కింది.

ముక్క రబ్బరులా గట్టిగా ఉంది. కత్తితో కోసింది. లోపల ఎముక దగ్గర గులాబీ రంగు. పచ్చిగా, తడిగా.

తలెత్తి చూసింది. ఎవరూ తన ప్లేటు చూడలేదు. అందరూ తన ముఖమే చూస్తున్నారు. అమ్మ నవ్వుతోంది. నాన్న ఫోర్కు చేతిలోకి తీసుకున్నాడు.

"వాసన అదిరిపోయిందిరా" అన్నాడు.

చెబితే పొద్దుటి నుంచీ సంపాదించిన గొప్పంతా పోతుంది. చెప్పకపోతే నాన్న ఆ ముక్క నోట్లో పెట్టుకుంటాడు.

"నాన్నా, తినకు" అంది టముకు. "ఎవరూ తినకండి. చికెన్ ఉడకలేదు."

అమ్మ వంగి చూసింది. ఇంకో ముక్క కోసింది. అదీ అంతే.

"పన్నెండింటికే స్విచ్ వేశావా?"

"వేశాను."

"మరి?"

టముకు కుక్కర్ మూత వైపు చూసింది. బఠాణీకి మాత్రం లెక్కలంటే మహా ఇష్టం.

"అక్క తొమ్మిదిసార్లు మూత తీసింది" అన్నాడు. "క్రీమ్ వేసినప్పటిది కలపకుండా."

అమ్మ కత్తి కింద పెట్టింది.

"అందులో రెండుసార్లు తొంగి చూసింది నేనే" అంది నానమ్మ. "తిట్టేదేదో నన్నూ కలిపి తిట్టండి."

అమ్మ ఎవర్నీ తిట్టలేదు. "ఇందులో వేడి కొంచెం కొంచెంగా పోగవుతుందమ్మా. మూత తీస్తే ఒక్క క్షణంలో పోతుంది. మళ్ళీ అంత వేడి రావడానికి ఇరవై నిమిషాలు పడుతుంది" అంది.

ఇరవై నిమిషాలు, తొమ్మిదిసార్లు. టముకు మనసులో హెచ్చవేసుకుని తల దించుకుంది.

"స్టవ్ మీద పెడితే?" అని అడిగింది.

"పెద్ద మంట మీద క్రీమ్ విరిగిపోతుంది. చిన్న మంట మీద పెడితే నాన్నకి ఆలస్యమవుతుంది."

నాన్న రెండు బ్రెడ్డు ముక్కలకి జామ్ రాసుకుని నిలబడే తిన్నాడు. టముకు గుమ్మం దాకా వెళ్ళింది.

"ఏడుస్తున్నావా?"

"లేదు. ఉల్లిపాయలు."

"పొద్దున తరిగినవా?"

టముకుకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నాన్న బూట్ల లేసు కట్టుకుని లేచాడు.

"తినకు అని చెప్పావు చూడు, అది మంచి పని చేశావు. కడుపునొప్పితో బస్సు నడపడం నా వల్ల కాదు."

ఆయన మెట్లు దిగుతుంటే టముకు వింటూ నిలబడింది. మొత్తం ఇరవై రెండు మెట్లు. చివరి మెట్టు చప్పుడు ఆగాక కూడా కాసేపు అక్కడే ఉంది. మనిషి వెళ్ళిపోయాక గుమ్మం ఎంత పెద్దదిగా కనబడుతుందో.

తర్వాత గబగబా వంటింట్లోకి వచ్చింది. అమ్మ ముక్కలన్నీ తిరిగి గిన్నెలో వేస్తోంది.

"అమ్మా, నాన్న బస్సు మన వీధి చివర ఎన్నింటికి ఆగుతుంది?"

"ఎనిమిదింటికి. అదే చివరి స్టాపు. పది నిమిషాలు ఆగి వెనక్కి తిరుగుతుంది."

"అప్పటికి ఉడుకుతుందా?"

"మూత తియ్యకపోతే ఉడుకుతుంది."

టముకు మూత పెట్టి, ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. గాజు మూత లోపలివైపు నీటి చుక్కలు చేరాయి. లోపల ఏమవుతోందో కనబడలేదు.

ఏడింటికి నానమ్మ వచ్చింది. "ఒక్కసారి చూద్దామే. రవ్వంత."

"వద్దు నానమ్మా."

"ఉడికిందో లేదో ఎలా తెలుస్తుంది మరి?"

"నాకూ తెలీదు. అయినా వద్దు."

నానమ్మ గొణుక్కుంటూ వెళ్ళిపోయింది. ఆ గొణుగుడులో కొంచెం నవ్వు కూడా వినబడింది.

ఏడూ నలభైకి అమ్మ సరేననగానే టముకు మూత తీసింది. కత్తి తగలగానే మాంసం ఎముక నుంచి జారిపోయింది. లోపల ఎక్కడా గులాబీ రంగు లేదు. దుంపలు వెన్నలా ఉన్నాయి. అమ్మ టముకు వీపు మీద చెయ్యి వేసింది. ఆ చేతికి సబ్బు వాసన.

టముకు పెద్ద స్టీలు డబ్బా నింపి, తువ్వాలు చుట్టింది. ఐదు గిన్నెలు, ఐదు స్పూన్లు, గరిటె, బ్రెడ్డు ప్యాకెట్టు నానమ్మ సంచీలో సర్దింది.

నలుగురూ బస్టాపుకి వెళ్ళేసరికి అక్కడ టైలర్ పిన్ని ఎదురైంది.

"వంట అయిందా? ఏదీ, ఎలా వచ్చిందో చూపించు."

టముకు డబ్బా మూత మీద రెండు చేతులూ పెట్టింది. "ఇప్పుడు కాదు పిన్నీ. నాన్న తియ్యాలి."

ఎనిమిదింటికి బస్సు వచ్చి ఆగింది. జనం దిగిపోయారు. బస్సు ఖాళీ అయ్యాక నాన్న సీటు దిగి వచ్చి, మెట్ల దగ్గర నిలబడ్డ నలుగుర్నీ చూశాడు. ఆయన ఏదో అడగబోయేలోపే నానమ్మ రెయిలింగు పట్టుకుని ఎక్కేసింది. ఐదుగురూ ముందు సీట్లలో ఎదురెదురుగా కూర్చున్నారు.

టముకు డబ్బా నాన్న ఒళ్ళో పెట్టింది. ఆయన తువ్వాలు విప్పి, మూత తీశాడు. వేడి ఆవిరి ఆయన ముఖానికి తగిలింది. నాన్న కళ్ళు మూసుకుని అలాగే ఉన్నాడు.

అందరూ తినడం మొదలుపెట్టారు. ఎలా ఉంది నాన్నా అన్న మాట టముకు నాలుక చివరి దాకా వచ్చింది. అడగలేదు. నాన్న నమిలేదాకా ఆగింది. రెండో ముద్ద దాకా ఆగింది. బఠాణీ "ఇంకా ఆరు నిమిషాలు" అన్నాడు. టముకు చేతులు ఒళ్ళో పెట్టుకుని, నాన్న గిన్నెని బ్రెడ్డుతో తుడిచి తినడం చూస్తూ కూర్చుంది.

నాన్న ఖాళీ గిన్నె చాచాడు.

"ఇంకొంచెం ఉందా?"

"ఉంది నాన్నా" అంది టముకు. గరిటె నిండా తీసి, ఒక్క చుక్క కింద పడకుండా వడ్డించింది.