నాలుగో పాట

జమున పాటల ఆల్బమ్ బయటికొచ్చి ఆ సోమవారానికి తొమ్మిది రోజులు. పాఠాలు చెప్పే స్కూలుకు సెలవు కావడంతో పొద్దున్నే బట్టలుతికి దండెం మీద ఆరేస్తున్నది. వాకిట్లో తల్లి సుక్కి ఎండుమిరపకాయల తొడిమెలు తీస్తున్నది. అన్న ప్రేమ్‌చంద్ టీ తాగి, సంచిలో టెస్టరూ వైర్లూ వేసుకుని కరెంటు పనికి వెళ్ళిపోయాడు. వెళ్తూ చెల్లెలితో ఒక్క మాట మాట్లాడలేదు. తొమ్మిది రోజులుగా అంతే.

మహబూబాబాద్ చుట్టుపక్కల చర్చిలకు ఈ అన్నాచెల్లెళ్ళు బాగా తెలుసు. కురవి దగ్గరి తండా నుంచి వచ్చి టౌన్లో స్థిరపడిన లంబాడీ కుటుంబం వాళ్ళది. ప్రేమ్‌చంద్ గిటారు, జమున గొంతు, మరో ఇద్దరు స్నేహితుల డ్రమ్సూ కీబోర్డూ కలిసి ‘మంటి ఘటాలు’ అనే బ్యాండ్ అయింది. ఎనిమిదేళ్ళు యూత్ కూటాల్లో రాక్ పాటలు పాడారు. ముసలివాళ్ళు చెవులు మూసుకుంటే పిల్లలు కుర్చీలెక్కి గంతులేసేవాళ్ళు.

ఆ బ్యాండ్‌ను పక్కనపెట్టి జమున ఒక్కతే హైదరాబాద్ వెళ్ళి, అక్కడి వాయిద్యగాళ్ళతో ఆరు పాటలు రికార్డు చేసింది. ‘ఆ ఏడాది’ అని పేరు పెట్టింది. ఇంట్లో మాత్రం టీచర్ల ట్రైనింగ్ అని చెప్పి వెళ్ళింది. పాటలు యూట్యూబ్‌లోకి వచ్చాకే ఇంట్లోవాళ్ళకు తెలిసింది.

మొదటి వారం ఆమె ఫోను చేతిలోంచి దించలేదు. ఎవరెవరో రాశారు. గిటారు గోలలో దేవుడు వినపడటం లేదని ఒకరు, దేవుడి పాటలో ఆ తెలంగాణ యాస ఏంటండీ అని ఇంకొకరు. ఎక్కువమంది మాత్రం నాలుగో పాట గురించే రాశారు. ‘పిలవక పిలవక ఏడాదాయె, నా పేరు మరిచితివా దేవా’ అనే పల్లవి దగ్గర ఏడ్చామని రాశారు. అదెవరి ఏడుపో వాళ్ళకు తెలియదు.

బట్టలు ఆరేస్తుండగానే జనగామ నుంచి సుమన్ ఫోన్ చేశాడు. వచ్చే నెల అక్కడ జరిగే పెద్ద యూత్ కూటానికి ఆమెను పిలిచింది అతనే. కాసేపు అటూ ఇటూ మాట్లాడి, కమిటీ వాళ్ళు ఆమె పేరు తీసేశారని చెప్పాడు. ఎందుకని అడిగితే, ఒక ఉత్తరం తిరుగుతున్నదనీ, భూపాలపల్లి పాస్టర్ల దాకా వెళ్ళిందనీ చెప్పి, దాన్ని ఆమె ఫోనుకు పంపాడు.

జమున దాన్ని తడి చేతులతోనే చదివింది. ‘ఈమె తండ్రి పోయిన తర్వాత ఏడాది పాటు ఒక్క ప్రార్థన చేయలేదు. అదే నోటితో వేదికలెక్కి స్తుతి పాటలు పాడి సంఘాలను మోసం చేసింది.’ కింద పేరు లేదు. ‘ఒక విశ్వాసి’ అని మాత్రం ఉంది.

ఆ మాట అబద్ధమైతే ఇంత నొప్పి ఉండేది కాదు.

మూడేళ్ళ కిందట తండ్రి రాంచందర్ దవాఖానలో ఉన్నప్పుడు సంఘమంతా నలభై రోజులు ఉపవాస ప్రార్థనలు చేసింది. అయినా ఆయన దక్కలేదు. ఒప్పుకున్న కూటాలున్నాయి కాబట్టి జమున పాడుతూనే ఉంది. కానీ లోపల ఏదో ఆరిపోయింది. ఒక మధ్యాహ్నం కురవిలో కూటం ముగించుకుని బస్సు కోసం నిలబడ్డప్పుడు, తను పాడుతున్నది పైనెవరూ వింటలేనట్టు ఉందనీ, ప్రార్థన చేయడమే మానేశాననీ అన్నకు చెప్పింది. ప్రేమ్‌చంద్ ఆమె చెయ్యి పట్టుకుని, నాకు చెప్పినవు కదా, ఇంకెవ్వలకు చెప్పకు, నేనున్న అన్నాడు. ఈ లోకంలో ఆ సంగతి తెలిసింది అతనొక్కడికే.

ఆ సోమవారం మధ్యాహ్నం ప్రేమ్‌చంద్ అన్నానికి వచ్చాడు. జమున వడ్డించి, ఫోను కంచం పక్కన పెట్టింది.

“గిది నువ్వు రాసినవా అన్నా?”

ఇంట్లో వాళ్ళు ఎప్పుడూ లంబాడీలోనే మాట్లాడుకుంటారు. ఆ రోజు ఆమె తెలుగులో అడిగింది. అతనూ తెలుగులోనే జవాబిచ్చాడు, బయటివాళ్ళతో మాట్లాడినట్టు.

“నేనే రాసిన.” కంచం పక్కకు జరిపాడు. “నాలుగో పాట ట్యూన్ ఎవలది, జమునా?”

ఆమె అన్నం గిన్నె మీద మూత పెట్టింది.

“బాపు పోయిన పదిహేను దినాలకు గీ అరుగు మీద కూసోని కట్టిన. నువ్వు పక్కనే ఉన్నవ్. మొన్న ఒకల ఇంట్ల ఫ్యాన్ బిగిస్తున్న. నిచ్చెన మీదుంటే వాళ్ళ ఫోన్ల నా ట్యూన్ మోగింది. మీ చెల్లె మస్తు కట్టిందన్నరు. అవునన్న. ఇంకేమంట?”

మర్చిపోయానని చెప్పొచ్చు. స్టూడియో వాళ్ళ తప్పని చెప్పొచ్చు. పొద్దుటి నుంచి ఆ మాటలు ఆమె నోటి దాకా వచ్చి పోతూనే ఉన్నాయి.

“మర్చిపోలే,” అంది చివరికి. “నీ పేరు పెడితే ఇది గూడ బ్యాండ్ పాటే అంటరనుకున్న. ఒక్కటన్న నా ఒక్కదానిది కావాలనుకున్న.”

“అడిగితే ఇయ్యకపోదునా?”

“ఇస్తవని తెలుసు. ఇచ్చినవన్న మాట జీవితాంతం ఇనాలె గదా.” ఆమె ఫోను వైపు వేలు చూపింది. “నీ పాట నేను తీసుకున్న, తప్పే. కానీ నా కడుపుల మాట నువ్వు కాపాడుతవనుకున్న. దాన్ని జనగామకు, భూపాలపల్లికి పంచిపెట్టినవ్.”

గడప దగ్గర సుక్కి నిలబడి ఉంది. ఎప్పటి నుంచి వింటున్నదో వాళ్ళకు తెలియదు. ఆమెకు చదువు రాదు. ఆ ఉత్తరంలో ఏముందో చదవమని కూతుర్ని అడిగింది. జమున చదవలేనంది. సుక్కి కొడుకు వైపు తిరిగి, రాసినోడివి నువ్వే చదువు అంది.

ప్రేమ్‌చంద్ చదివాడు. ‘మోసం చేసింది’ అన్న ముక్కను మాత్రం తల్లి వైపు చూడకుండా చదివాడు.

సుక్కి మిరప ఘాటంటిన చేతులను కొంగుకు తుడుచుకుంటూ కింద కూర్చుంది. లంబాడీలో, చాలా మెల్లగా అంది.

“గా ఏడాది నేను గూడ ప్రార్థన చేయలే.”

పిల్లలిద్దరూ తల్లి ముఖంలోకి చూశారు.

“మీ పక్కనే నేను మోకాళ్ళేసేది. పెదాలు కదిలిచ్చేది. లోపల ఏం లేకుండె. బయటపడితే మీ నమ్మకం గూడ పోతదని భయం. ఆదివారం నా బిడ్డ లేసి పాడుతుంటే మాత్రం, గంత గట్టిగ పాడుతున్నదంటే దానికి దేవుడు ఇనపడుతున్నడేమో, నాకు గూడ ఒకరోజు ఇనపడుతడేమో అనుకునేది. గా పాట పట్టుకొనే ఏడాది ఈదిన.” ఆమె కొడుకు వైపు చూసింది. “ఇప్పుడు నా మీద గూడ రాస్తవా బిడ్డా?”

ప్రేమ్‌చంద్ ఫోను కింద పెట్టేశాడు. తండ్రి పోయిన రోజు కూడా మగవాడినని ఆపుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది. యాడీ, యాడీ అంటూ తల్లి ఒడిలో తల పెట్టుకుని ఏడ్చాడు. జమున దూరంగా గోడకానుకుని నిలబడింది. కాసేపటికి వచ్చి తల్లికి అటువైపు కూర్చుంది.

ఆ ఆదివారం చర్చిలో సంఘ పెద్ద బాలనర్సయ్య ఉత్తరం గురించి ఎత్తకముందే ప్రేమ్‌చంద్ లేచాడు. రాసింది తనేననీ, నమ్మి చెప్పిన మాటను కోపంతో బయట పెట్టాననీ ఒప్పుకున్నాడు. జమున లేచి, ఉత్తరంలోది నిజమేననీ, నాలుగో పాట ట్యూన్ మాత్రం తనది కాదు, అన్నదనీ చెప్పింది. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. కొందరు ముఖాలు తిప్పుకున్నారు. కొన్నాళ్ళు ఆమె వేదిక ఎక్కవద్దని పెద్దలు తీర్మానించారు. జనగామ నుంచి మళ్ళీ పిలుపు రాలేదు. యూట్యూబ్‌లో పాట కింద అన్న పేరు చేరింది, అంతే.

ఇంట్లో మాటలు మొదలయ్యాయి గానీ పాత చనువు రాలేదు. జమున ఏదైనా చెప్పబోయి మధ్యలో ఆగిపోయేది. ఆగిందని అతనికి తెలిసేది. తెలిసీ అడిగేవాడు కాదు.

నెల తర్వాత కాటారం నుంచి శిల్ప అనే అమ్మాయి ఫోన్ చేసింది. భర్త ట్రాక్టర్ కింద పడి పోయాడట. ఇంట్లో ఆదరణ కూడిక పెడుతున్నారు, నాలుగో పాట పాడతారా అని అడిగింది. తనను వేదిక ఎక్కవద్దన్నారని జమున చెప్పింది. మా ఇంట్ల వేదిక లేదక్కా అంది శిల్ప.

గిటారు తీసుకురానా అని ప్రేమ్‌చంద్ అడిగాడు. జమున సరేనంది. ఇద్దరూ భూపాలపల్లి మీదుగా బస్సులు మారి వెళ్ళారు. శామియానా కింద ముప్పై మంది కూడా లేరు. డ్రమ్సు లేవు, మైకు లేదు. అతను వాయించాడు, ఆమె పాడింది. రెండో చరణంలో ఆమె పాట ఆగిపోతే, అతను ఆ వరసనే మళ్ళీ మళ్ళీ వాయిస్తూ ఆమె అందుకునే దాకా ఆగాడు.

అందరూ లేచాక శిల్ప దగ్గరికొచ్చి, లోపల మళ్ళీ మామూలు కావడానికి ఎన్ని రోజులు పట్టిందని అడిగింది. జమున అన్న వైపు చూసింది.

“ఇంకా అయితనే ఉన్నది, చెల్లె,” అన్నాడు ప్రేమ్‌చంద్. ఆ మాట శిల్పకు చెప్పాడు గానీ, చూసింది జమునను.

జమున తలూపింది. గిటారు సంచి తన భుజానికి తగిలించుకుని, పోదాం పా అన్నా అని లంబాడీలో అంది.