నాయన మాదిరి బొమ్మ

మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టారు. బడి వరండాలో పిల్లలు గిన్నెలు విప్పుకున్నారు. పై వీధి పిల్లలు ఒక వైపు, కింది వీధి పిల్లలు ఒక వైపు. నా కూతురు నిర్మల మాత్రం గిన్నె చంకన పెట్టుకుని గేటు దాటి బయటికి నడిచింది.

కింది వీధి వాళ్లు మాకు ఎదురు పార్టీ. వాళ్ల పిల్లలు రారు, సరే. పై వీధి మాదే. అయినా వాళ్లూ నిర్మల పక్కన కూర్చోరు. "ఆ పిల్లతో తిరిగితే మనకూ ఏమన్నా అయితాది" అని వాళ్ల అమ్మలు చెప్పి పంపారు. నేను వాళ్లను తప్పు పట్టలేదు. నేనైనా అదే చెప్పేదాన్ని.

ఎలక్షన్లలో మా ఆయన వెంకటేశు పై వీధి పార్టీ ఏజెంటుగా పోలింగ్ బూత్‌లో కూర్చున్నాడు. ఆ రోజు పోలింగ్ బూత్ దగ్గర గొడవైంది. కింది వీధి మనిషికి తల పగిలింది. కొట్టింది మా ఆయన కాదు. అయినా ఆయన పేరే బయటికి వచ్చింది. వాళ్లు వెతుకుతున్నారని తెలిసి ఆ సాయంత్రమే ఊరు వదిలాడు. మూడు నెలలైంది. దొరికితే ఏం చేస్తారో నేను ఇక్కడ రాయను. నాకు మాత్రం రోజూ కళ్ల ముందు కనిపించేది.

ఆయన ఖాజీపేట వైపు మా ఆడబిడ్డ ఊర్లో గొర్రెలు కాస్తున్నాడు. ఆ సంగతి నాకు తెలుసు. నిర్మలకు చెప్పలేదు. పదేళ్ల పిల్ల. ఎవరైనా బెల్లం ముక్క పెట్టి అడిగితే చెప్పేస్తుందని నా భయం. "నాయన యాడుండాడు మా?" అని రోజూ అడిగేది. "వస్తాడులే, తిను" అనేదాన్ని.

పెద్దమనుషులు రాజీ మాట్లాడుతున్నారు. శుక్రవారం జమ్మలమడుగులో రెండు వైపుల వాళ్లూ కూర్చోవాలి. కింది వీధి పెద్ద ఆదినారాయణ ఒకటే షరతు పెట్టాడు. శుక్రవారం దాకా వెంకటేశు ఊర్లో కాలు పెట్టకూడదు. పెడితే రాజీ లేదు. రాజీ లేకపోతే మా ఆయన ఇక ఇంటికి రాలేడు.

అందుకే ఆయన చొక్కా ఒక్కటి కూడా బయట కనబడనివ్వలేదు. తీగ మీద మగమనిషి గుడ్డ ఆరితే చాలు, వచ్చినాడంటారు. ముగ్గురికి సరిపడా బియ్యం కడిగినా ఎవరో ఒకరు లెక్క చూస్తారు. ఇవన్నీ నేను చూసుకున్నాను. కానీ ఒంటరిగా ఉన్న పిల్ల ఏం చేస్తుందో మాత్రం చూసుకోలేదు.

ఆ మధ్యాహ్నం నిర్మల పోయింది కమాల్ బాషా సైకిల్ షాపుకు. అక్కడి మాటలు నాకు తర్వాత తెలిశాయి. ఆ షాపు రోడ్డు పక్కన రెండు వీధులకూ మధ్యలో ఉంటుంది. బాషా పంక్చర్లు వేస్తాడు. పని లేనప్పుడు పాత క్యాలెండర్ల వెనక బొమ్మలు వేస్తాడు. ఎవరూ నేర్పలేదు, సరదా అంతే. ఎలక్షన్లప్పుడు గోడల మీద గుర్తులు వేయమని రెండు పార్టీలూ అడిగాయి. చెయ్యి బెణికిందని రెండు నెలలు గుడ్డ చుట్టుకుని తిరిగాడు.

ఆ రోజు బాషా ఒక మనిషి ముఖం వేస్తున్నాడు. సగం ముఖానికి చర్మం ఉంది. మిగతా సగంలో సైకిల్ చెయిన్లు, పళ్ల చక్రాలు.

"ఏంది మామా, మనిషికి చెయిను ఎక్కించినావు?" అంది నిర్మల గిన్నె విప్పుతూ.

"మరమనిషి పాపా. పొద్దుటూరికి ట్యూబుల కోసం పోయినప్పుడు ఏదో పేపర్లో చదివినా. ఇంగ కొన్నేండ్లకు అచ్చం మనిషి మాదిరే చేస్తారంట. నవ్వుతాదంట, నడుస్తాదంట, మాట్లాడతాదంట."

"అన్నం తింటాదా?"

"కరెంటు తింటాది. మన ఊరికొస్తే రోజుకు నాలుగు గంటలే బతుకుతాది."

నిర్మల నవ్వింది. బడిలో నవ్వని పిల్ల అక్కడ నవ్వింది.

"అవొస్తే ఏమైతాది మామా?"

బాషా పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు. "అదే ఆలోచన చేస్తాండా. ముందు నాయకులు కొంటారు. తమ మాదిరే ఒగటి చేయించి జీపులో ముందర కూచోబెడతారు. బాంబు ఏస్తే దానికి తగులుతాది. నాయకుడు ఇంట్లో కూచోని సంగటి తింటాంటాడు."

"అయితే మంచిదే కదా."

"నేనూ మొదట అట్లే అనుకున్నా. మళ్ల చూస్తే, ఏసేవానికి భయం పోతాది. మనిషి కాదులే అని ఏస్తాడు. ఒగ దినం నిజం మనిషే కూచోనుంటాడు. రెండూ ఒగే మాదిరుంటే ఏది ఏదో ఎట్ల తెలుస్తాది?" బాషా బొమ్మను కొంచెం దూరంగా పట్టుకుని చూశాడు. "నా భయం వాటి మీద కాదు పాపా. వాటితో అలవాటు పడి మనుషుల్ని గూడా బొమ్మల మాదిరే చూస్తామేమో అని."

నిర్మలకు అది సరిగా అర్థం కాలేదు. తన ఆలోచన వేరే చోట ఉంది.

"ఇంట్లో మనిషి లేనోళ్లకు గూడా ఇస్తారా మామా?"

బాషా చెవి మీది పెన్సిలు చేతిలోకి తీసుకున్నాడు. "ఇస్తారేమో" అన్నాడు.

"మా నాయన మొగం గియ్యి మామా."

ఆయన అట్ట ముక్క తీసుకుని గీశాడు. మీసం, కనుబొమ్మ మీద మచ్చ, అన్నీ వచ్చాయి. పిల్ల పుస్తకంలో దాచుకుంటుందనుకున్నాడు. నేనైనా అంతే అనుకునేదాన్ని.

బడి అయ్యాక నిర్మల నేరుగా ఇంటికి వచ్చింది. నేను కలుపు పనికి పోయి ఇంకా రాలేదు. ట్రంకుపెట్టె తెరిచి నాయన చొక్కా, పంచె తీసింది. గొర్రెలకు మేతగా దాచిన ఎండు వేరుశనగ గడ్డి తెచ్చి వాటిలో కూరింది. అట్ట ముఖం కట్టి, తలకు తువ్వాలు చుట్టింది. కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టింది. మరమనిషి కదా, కదలాలి. అందుకని చేతికి తాడు కట్టి దూలం మీదుగా వేసింది. లాగితే చెయ్యి లేస్తుంది.

తర్వాత ఎదురుగా కూర్చుని కబుర్లు మొదలు పెట్టింది.

"నాయనా, లెక్కల్లో పదికి తొమ్మిదొచ్చినాయి." తాడు లాగింది. చెయ్యి లేచింది.

పొద్దు వాలుతుండగా నేను వీధిలోకి వచ్చాను. దూరం నుంచే మా కిటికీ కనిపించింది. కిటికీలో ఆయన. తలపాగా, చొక్కా, మీసం. చెయ్యి ఎత్తి ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

మూడు నెలల తర్వాత కనిపించిన మనిషి. సంతోషం రావాలి కదా. రాలేదు. భయం వచ్చింది. ఎందుకొచ్చినావయ్యా, ఎవరైనా చూస్తే ఎట్లా అనుకుంటూ పరుగెత్తాను.

తలుపు నెట్టాను. నిర్మల తాడు పట్టుకుని నవ్వుతూ చూసింది.

"మా, మరమనిషి. నాయన మాదిరే చేసినా."

నేను కిటికీ మూసి, బొమ్మను కింద పడేశాను. ఎప్పుడూ కొట్టని పిల్లను ఒక దెబ్బ కొట్టాను. తర్వాత ఇద్దరమూ ఆ గడ్డి మధ్య కూర్చుని ఏడ్చాం. రాజీ సంగతి, శుక్రవారం సంగతి మొదటిసారి నిర్మలకు చెప్పాను. ముందే చెప్పి ఉండాల్సింది.

కిటికీ మూయడం ఆలస్యమైపోయింది. ఆ దారిన పోయిన కింది వీధి వాళ్లు చూడనే చూశారు. పొద్దున్నే ఇద్దరు మా గడప ముందు నిలబడ్డారు.

"వెంకటేశు వచ్చినాడంట గదా. మాట తప్పినాడు. ఇంగ రాజీ లేదని మా ఆదినారాయణన్న చెప్పమన్నాడు."

"ఆయన రాలేదప్పా. అది బొమ్మ. పిల్ల చేసింది" అన్నాను.

"బొమ్మ చెయ్యెత్తుతాదామ్మా? మేం కండ్లారా చూసినాం." ఒకడు నవ్వాడు. "ఇంగా నయం, బొమ్మ బీడీ తాగిందనలేదు."

వాళ్లు వెళ్లిపోయారు. నేను గోడకు ఆనుకుని కూలబడ్డాను. వాళ్లు ఖాజీపేట దాకా పోతారు, ఎవరో దారి చెబుతారు, ఇంక అయిపోయింది అనుకున్నాను. లేచి చూసేసరికి నిర్మల గడ్డి మళ్లీ కూరి, బొమ్మను భుజాన వేసుకుని వీధిలోకి దిగింది.

"యాడికే?"

"ఆదినారాయణ పెదనాయన ఇంటికి. చేసింది నేను. నేనే చూపిస్తా."

"వద్దు. ఆ వీధిలో కాలు పెట్టొద్దు. నీకేమన్నా అయితే?"

"నాయనకు అయితాది కదా మా" అంది.

వెనకే నడిచాను.

కింది వీధిలోకి నేను వచ్చి నాలుగేళ్లయింది. తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. దూరం నుంచి బొమ్మను చూసి ఒకాయన గబుక్కున వెనక్కి జరిగాడు. దగ్గరికొచ్చాక సిగ్గుపడి మీసం సర్దుకున్నాడు. నిర్మల మెడ వంచకుండా నడిచింది. నేను ప్రతి సందు వైపూ చూస్తూ నడిచాను.

ఆదినారాయణ ఇంటి అరుగు మీద వాళ్లమ్మ పెద్దసుబ్బమ్మ కూర్చుని ఉంది. ఆమె చిన్న కొడుకు వీరన్న నాలుగేళ్ల కింద జీపు మీద బాంబు పడి పోయాడు. అప్పటి నుంచి ఆమె అరుగు దిగి ఎక్కడికీ పోదని విన్నాను. ఆదినారాయణ బయటికి వచ్చాడు. చుట్టూ జనం చేరారు.

నిర్మల బొమ్మను అరుగు అంచున కూర్చోబెట్టింది.

"నిన్న మీవోళ్లు చూసింది ఇదే పెదనాయనా. మా నాయన రాలేదు." తాడు పైకి ఎత్తి లాగింది. చెయ్యి లేచింది.

జనంలో గుసగుస లేచింది. ఆదినారాయణ వంగి ముఖం చూశాడు. "అచ్చం వెంకటేశే. ఎవరు గీసినారు? కమాలా? వాని చెయ్యి బెణికింది గదా."

ఒకరిద్దరు నవ్వారు. పొద్దున మా ఇంటికొచ్చిన మనిషి మాత్రం నవ్వలేదు. "ఇది చూపించి అసలు మనిషిని ఇంట్లో దాపెట్టినారేమో అన్నా."

"పొయ్యి ఇల్లంతా చూసుకోండి" అన్నాను. ఆదినారాయణ సైగ చేశాడు. ఆ మనిషి పోయాడు.

"ఎందుకు చేసినావు పాపా దీన్ని?" అని ఆదినారాయణ అడిగాడు.

"ఊరికే. మాట్లాడుకునేదానికి."

నిర్మల తనే చొక్కా గుండీలు విప్పింది. గడ్డి పిడికెడు పిడికెడుగా లాగి కింద పోసింది. ముఖం మాత్రం చివర దాకా ఉంచింది. చివరికి దాన్నీ మెల్లగా ఊడదీసింది. నేను సాయం పోలేదు. తను నన్ను పిలవలేదు.

పోయిన మనిషి తిరిగి వచ్చాడు. "ఎవరూ లేరన్నా."

"శుక్రవారం మాట శుక్రవారమే" అన్నాడు ఆదినారాయణ. "వెంకటేశును రమ్మని చెప్పమ్మా. జమ్మలమడుగుకు. ఊరికి కాదు."

ఇక క్షణం కూడా ఉండకూడదని నిర్మల చెయ్యి పట్టుకున్నాను.

అప్పుడు అరుగు మీద నుంచి పెద్దసుబ్బమ్మ పిలిచింది. "పాపా, ఇట్ల రా."

నిర్మల దగ్గరికి పోయింది.

"మా వీరన్నకు ఒగటి చేసిస్తావా? వాని చొక్కా ఉంది. నేనిస్తా. కిటికీ కాడ పెట్టుకుంటా."

ఆదినారాయణ తల పక్కకు తిప్పుకున్నాడు. నిర్మల చేతిలో ఖాళీ చొక్కా వేలాడుతోంది. సరేనని తన నోటి దాకా వచ్చింది, నేను చూశాను. ఎంత తొందరగా చేయగలదో నాకు తెలుసు.

కానీ తను చొక్కా నాకిచ్చింది.

"వద్దవ్వా" అంది. "నిన్న దానితో శానాసేపు మాట్లాడినా. ఎంత చెప్పినా ఊ కొట్టదు. చెయ్యెత్తాలన్నా తాడు మనమే లాగాల."

నిర్మల అరుగెక్కి ఆమె పక్కన కూర్చుంది.

"నువ్వు చెప్పవ్వా, వీరన్న చిన్నాయన సంగతి. నేను ఊ కొడతా."

ఆ అరుగు మీద నా కూతురు. చుట్టూ వాళ్ల మనుషులు. లాక్కుని పరుగెత్తాలనిపించింది. చొక్కాను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

పెద్దసుబ్బమ్మ చాలాసేపు నిర్మల ముఖం చూసింది. తర్వాత మొదలుపెట్టింది.

"వానికి ఏడేండ్లప్పుడు గొర్రెపిల్లను సంకన పెట్టుకోని బడికి పోయినాడు."

"ఊ" అంది నిర్మల.

"అయివారు బెత్తం తీసినాడు. పిల్లకేం తెలుసు సార్, దాని దెబ్బ గూడా నాకే ఎయ్యి అని రెండో చెయ్యి చాపినాడంట."

"ఊ" అంది నిర్మల, ఇంకొంచెం దగ్గరికి జరిగి.