బంతి బరువు

పొద్దున్నే మేడ దిగుతూ పెంపుడు కుక్క బంతి సగం మెట్ల మీదే కూలబడింది. నాలుక బయటపెట్టి రొప్పుతూ, ఎత్తుకోమన్నట్టు ఆ ఇంటి కోడలి వైపు చూసింది. ఎత్తుకునేసరికి ఆవిడ నడుం పట్టేసినంత పనైంది.

"పిల్లప్పుడు గుండ్రంగా ఉందని బంతి అని పిలిచాం. పేరు నిలబెట్టుకుంది!" భర్త బూట్లు తొడుక్కుంటూ నవ్వాడు. అతను బస్సు డ్రైవరు. పొద్దున వెళ్తే మళ్ళీ చీకటి పడ్డాకే రాక.

"నవ్వులాట కాదండీ. ఇవాళ డాక్టరుకి చూపిస్తాను" అంది కోడలు.

పశువుల డాక్టరు బంతి పక్కటెముకలు తడిమి చూసింది. వేళ్ళకి ఎముక తగలనేలేదు. "ఇలాగే ఉంటే కీళ్ళు పట్టేస్తాయి, గుండెకీ ముప్పే. అలాగని పస్తులు పెట్టకండి. ఈ కప్పుతో కొలిచి పెట్టండి, మెల్లగా నడిపించండి. చిరుతిళ్ళు మాత్రం బంద్."

ఆ రోజు నుంచి కోడలు కప్పు అంచు దాటకుండా తలకొట్టి మరీ కొలిచింది. తన కుట్టు దుకాణానికి వెళ్ళే ముందు బంతిని వీధి మలుపు దాకా నడిపించింది. అయినా మళ్ళీ తూకం వేస్తే బరువు తగ్గకపోగా పెరిగింది.

"గాలి పీల్చి లావెక్కుతోందా ఇది? దొంగచాటుగా మీరేనా పెడుతున్నది?" రాత్రి భోజనాల దగ్గర భర్తని నిలదీసింది.

"నా మీద పడతావేం? నేనసలు ఇంట్లో ఉండేదెప్పుడు?"

మామగారు తల ఎత్తలేదు. రెండు ముద్దలు తిని, "మధ్యాహ్నం తిన్నదే ఇంకా అరగలేదమ్మా" అంటూ లేచి చెయ్యి కడుక్కున్నారు. అచ్చాఫీసులో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి. భార్య పోయి ఏడాది దాటింది. అప్పట్నుంచి ఆయన మాటే తగ్గిపోయింది.

మర్నాడు పెళ్ళి గౌనుకి కుట్టాల్సిన లేసు మర్చిపోయి, కోడలు మధ్యాహ్నం ఇంటికొచ్చింది. వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది. బల్ల దగ్గర మామగారు, ఎదురుగా నిండు కంచం. ఒక్కో ముద్దే కలిపి బల్ల కిందకి దించుతున్నారు. కింద బంతి తోక టపటపా నేలకి కొట్టుకుంటోంది.

"మామయ్యా!"

ఆయన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"నేనక్కడ గింజ గింజా కొలుస్తుంటే మీరు చేసే పని ఇదా? డాక్టరు ఏమందో మీకూ చెప్పానుగా! ముద్దు చేస్తున్నాననుకుంటున్నారేమో, చేతులారా దాని ప్రాణం తీస్తున్నారు!"

ఆయన ముద్దని మళ్ళీ కంచంలో పెట్టేశారు. ఇంకా ఏదో అనబోయి కోడలు ఆయన మెడ చూసింది. చొక్కా కాలరుకీ మెడకీ మధ్య పిడికిలి పట్టేంత జాగా ఉంది. ఆ చొక్కా తను కుట్టిందే. ఊరందరి కొలతలూ నోటికొచ్చిన తనకి ఇంట్లో మనిషి చిక్కిపోవడం కంటపడలేదు.

"మరి... మీరేం తింటున్నారు మామయ్యా?" గొంతు దిగిపోయింది.

"దిగట్లేదమ్మా. ఆఫీసులో పదిమందిమి కూర్చుని తినేవాళ్ళం. ఆ తర్వాత మీ అత్తయ్య ఉండేది. ఇప్పుడీ బల్ల దగ్గర ఒక్కణ్ణీ కూర్చుంటే ముద్ద గొంతులోనే ఆగిపోతుంది." కంచాన్ని పక్కకి జరిపారు. "నువ్వు తెల్లారకుండా లేచి చేసి పెట్టి వెళ్తావు. పారేయడానికి చేతులు రాలేదు తల్లీ. చెబితే నొచ్చుకుంటావని చెప్పలేదు. ఈ మూగజీవం మీదకి తెచ్చాను."

కోడలు ఇంకో కంచం తెచ్చుకుని ఆయన పక్కనే కూర్చుంది. "నేనూ మిషను ముందు ఒంటరిగానే తింటున్నాను మామయ్యా. ఒక్కోరోజు అదీ లేదు. రేపట్నుంచి క్యారియర్ మీరే దుకాణానికి పట్టుకురండి. బంతినీ నడిపించుకురండి."

"అది నడుస్తుందంటావా?"

"మీరు నడిస్తే అదే నడుస్తుంది."

మొదట్లో బంతి దారిపొడవునా చతికిలబడేది. మామగారు దాని పక్కనే అరుగు చూసుకుని కూర్చుని, "ఇద్దరం ఇద్దరమే" అని నవ్వి, మళ్ళీ లేచేవారు. పోనుపోను ఆయనే దాన్ని అందుకోలేక "ఆగవే!" అని అరవాల్సి వచ్చేది. దుకాణంలో దాని కప్పు దానికి, వీళ్ళ క్యారియర్ వీళ్ళకి. బంతి బల్ల కింద చేరి ఎంత దీనంగా మొహం పెట్టినా ఆయన చెయ్యి కిందకి దిగేది కాదు. "నీ మంచికేనే" అని బతిమాలుకునేవారు.

వానలు వెనకబట్టేసరికి బంతికి మళ్ళీ నడుమంటూ ఒకటి కనబడింది. మెట్లు ఒక్క పరుగున ఎక్కేస్తోంది.

ఒక మధ్యాహ్నం పెళ్ళివారి గౌను హడావుడిలో కోడలు తల ఎత్తలేదు. "మీరు మొదలుపెట్టండి మామయ్యా" అన్నా ఆయన కదల్లేదు. ఆవిడ చెయ్యి కడుక్కుని వచ్చాకే మూత తీశారు. అచ్చాఫీసు కబుర్లు చెబుతూ, తనే నవ్వుతూ తిన్నారు. గిన్నె ఖాళీ అయ్యాక కాస్త మొహమాటపడ్డారు.

"అమ్మా... ఇంకొంచెం ఉందా?"

కోడలికి కళ్ళు మసకబారాయి. తన గిన్నెలోది గబగబా ఆయన గిన్నెలోకి వంచింది.

"ఎందుకు లేదు మామయ్యా, బోలెడుంది. తినండి."