బోరు నీళ్లలో పొర

జీపు స్కూటీని గుద్దుతుంది!

రెబెకా ఎగిరి వేరుశనగ చేలో పడుతుంది. మోకాలు చీరుకుపోయింది. దాన్ని చూసుకునే ఓపిక లేదు. ముందు ల్యాబ్ నుంచి తెస్తున్న డబ్బా చూసుకుంటుంది.

పగిలింది... నీళ్లు కారిపోతున్నాయి.

లోపల అరచేయంత పొర. చూడ్డానికి పాలిథిన్ ముక్క. హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించే సెల్‌కు అదే ప్రాణం. నాలుగేళ్ల చాకిరీ! మూడొందల సార్లు చెడి, ఒక్కసారి కుదిరింది. రేపు బెంగళూరులో టెస్టు. ముందు ఎవరు చూపిస్తే పేరు వాళ్లది.

డబ్బా పట్టుకుని లేస్తుంది. పరుగు... మిట్టమధ్యాహ్నం. రాప్తాడు దాటాక ఎర్రమట్టి తప్ప ఏమీ లేదు. దూరంగా బోరు మోటారు ఆడుతోంది, అక్కడ మనుషులుండొచ్చు.

అక్కడికి చేరేసరికి ఎవరూ లేరు. వెనక అడుగులు...

తిరిగి చూస్తుంది. తుపాకీ! ఓబిలేష్! ల్యాబ్ డ్రైవర్. రోజూ తనను ఇంటి దగ్గర దింపేవాడు.

“నువ్వా అన్నా?”

“ఇది తెస్తే అవతలి కంపెనీవాళ్లు పర్మనెంట్ చేస్తామన్నారు మేడమ్. ఈడ పదకొండేండ్లు కాంట్రాక్టే.”

కోపం కూడా రావడం లేదు. అంత అలసట. డబ్బా లాక్కుంటే ఇచ్చేస్తుంది.

మూత తీసి ఓబిలేష్ కంగారు పడతాడు. పొర అంచులు ముడుచుకుంటున్నాయి. అది ఎండితే పగిలిపోతుందని ఆమే ల్యాబ్‌లో అందరికీ వెయ్యిసార్లు చెప్పింది.

చేను గట్టున ఆపిన జీపు దగ్గరికి ఉరికి టిఫిన్ బాక్సు తెస్తాడు. మిగిలిన ఉగ్గాని పారబోసి కడుగుతాడు. బోరు కింద పెడతాడు!

రెబెకా వద్దనబోయి ఆగుతుంది.

ఈ నీళ్లు కాగితే గిన్నెకు తెల్లటి పెచ్చు కడతాయి. ఆ సున్నం పొరలోకి దూరితే మళ్లీ కడిగి తీయలేరు. పొర చచ్చినట్టే. ల్యాబ్‌లో వాడేది డిస్టిల్డ్ వాటర్. అది ఓబిలేష్‌కు తెలియదు. వాడికి అన్నీ నీళ్లే.

ఒక్క మాట చెబితే పొర బతుకుతుంది... వాళ్ల చేతుల్లో.

చెప్పకపోతే? మళ్లీ మొదటి నుంచి. ఆ ఓపిక తనకుందా? తెలియదు. ఏడుపొస్తోంది.

ఓబిలేష్ పొరను రెండు వేళ్లతో తీసి, మెల్లగా బాక్సులో పరుస్తాడు. ఒక చేతిలో తుపాకీ ఉన్నా, అలవాటు కొద్దీ ఆమెనే అడుగుతాడు.

“నీళ్లు చాలునా మేడమ్?”

రెబెకా కళ్లు తుడుచుకుంటుంది.

“పూర్తిగా మునగల్లన్నా. ఇంకొంచెం పొయ్యి.”