పీకకుండా వదిలేసిన మేకు

ఆ అర్ధరాత్రి మొదలయ్యేసరికి నా చేతిలో ఉన్నవి ఇవీ: వీధి గుమ్మానికి బిగించిన పాత టేకు తలుపు ఒకటి. దానికి పైగడియ, కిందగడియ, గొలుసు, వాటి మీద అడ్డంగా వేసే కర్ర. లోపలి గదిలో నిద్రపోతున్న భార్య. పక్క గదిలో నిద్రపట్టక దగ్గుతున్న అత్తగారు. బయట ఉన్నది మాత్రం ఒక్కటే... ఉరుములతో ఊగిపోతున్న కాళరాత్రి!

నేను పాత తలుపుల వర్తకుణ్ణి. కూలగొట్టే ఇళ్ళ దగ్గరికి వెళ్ళి తలుపులూ కిటికీలూ కొంటాను, బాగుచేసి అమ్ముతాను. ఊరి చివర ఒంటరి ఇల్లొకటి పడగొడుతుంటే ఈ తలుపు దొరికింది. ఇంటివాడు ఏళ్ళ క్రితమే మాయమయ్యాడన్నారు. చెక్క రాయిలా ఉంది. రెండువైపులా కిందినుంచి పైదాకా పూలతీగ చెక్కడం. అమ్మబుద్ధి కాక నా ఇంటికే పెట్టుకున్నాను.

ఆ సాయంత్రమే కొట్టుకి ఒక మనిషి వచ్చాడు. పొడుగ్గా, ఎండుకట్టెలా ఉన్నాడు. ఒంటినుంచి బూడిద వాసన. కొట్టులో ఉన్న ఏ తలుపు వంకా చూడలేదు.

"నీ ఇంటికి పెట్టుకున్న తలుపు కావాలి."

"అది అమ్మకానికి కాదండీ."

"నువ్వు ఎంతంటే అంత."

అక్కడే నాకు అనుమానం వచ్చింది. బేరమాడని మనిషి కొనదలిచింది తను చూపిస్తున్న వస్తువు కాదు. దాని వెనక ఇంకేదో ఉంటుంది. కుదరదన్నాను. వాడు నవ్వాడు. ఆ నవ్వుకి కొట్టు ముందు పడుకున్న కుక్క లేచి వీధి చివరిదాకా పరిగెత్తింది.

"అయితే నీ ఇంట్లోవాళ్ళ చేతే తీయించుకుంటాలే" అని వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి సంగతి చెబితే మా ఆవిడ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "అడిగినంత ఇస్తానంటే అమ్మలేదా? జ్వరమేం లేదే!"

"నీ మొగుడు ఆ తలుపుని చూసుకున్నంత శ్రద్ధగా నిన్నెప్పుడైనా చూశాడటే?" అంది అత్తగారు.

"నాకు వార్నిష్ పూయలేదు కదమ్మా!"

ముగ్గురం నవ్వుకున్నాం. గడియలు వేసి, కర్ర అడ్డం పెట్టి పడుకున్నాను.

నిశీథి... కరెంటు పోయింది. ఇంటికప్పు మీద గుడ్లగూబ కర్ణకఠోరంగా అరిచింది. మెలకువ వచ్చి చూస్తే పక్కన భార్య లేదు! ముందుగదిలో గొలుసు చప్పుడు... పరుగెత్తాను. ఫెళ్ళున మెరిసిన మెరుపులో కనిపించింది. జుట్టు విరబోసుకుని తలుపుకి ఎదురుగా నిలబడి ఉంది. గొలుసు ఊడి వేలాడుతోంది. పైగడియ తీసి ఉంది. కిందగడియ తీసి ఉంది. మిగిలింది అడ్డకర్ర ఒక్కటే!

"ఏం చేస్తున్నావ్?"

ఇటు తిరిగింది. కళ్ళలో నల్లగుడ్డు లేదు... తెల్లటి శూన్యం! పెదవులు కదల్లేదు గానీ గొంతులోంచి ఎవరిదో మూలుగు వినిపించింది. ఒక్క ఉదుటున వెళ్ళి రెండు చేతులతో కర్రని అదిమిపట్టాను.

తలుపు అవతల వానలో మంత్రోచ్చారణ... ఘోరంగా, గంభీరంగా.

"తియ్యవే, దాసీ! తియ్యి!"

సాయంత్రం విన్న గొంతే.

"వర్తకుడా! నా పాత ఇంటినుంచి నువ్వు తెచ్చిన ఈ తలుపుకి కాపలా కాస్తున్నది నా దాసి! దాని తల నరికి, ప్రాణాన్ని ఈ చెక్కలో బంధించినవాణ్ణి నేను! లోపల గడియ పడి ఉన్నంతసేపూ అది నన్ను కూడా రానివ్వదు. అమ్మనన్నావుగా... ఇక నాకు చెక్కతో పనిలేదు! నీ పెళ్ళాం తలుపు తీసి గడప దాటిందంటే, ఆ ఒంట్లో నా దాసి నా వెంట వస్తుంది. నీ పెళ్ళాం ప్రాణం ఈ చెక్కలో ఉండిపోతుంది! రోజూ గడియ వేసుకుని హాయిగా పడుకో!"

అత్తగారు టార్చిలైటు పట్టుకుని వచ్చింది. "అమ్మాయ్! ఇటు చూడవే, నేనే!" అంటూ కూతురి నడుం పట్టుకుంది. మా ఆవిడ భుజం విదిలిస్తే ముసలావిడ గోడకి కొట్టుకుని కూలబడింది. అయినా టార్చి మాత్రం వదల్లేదు.

ఆ వెలుగులోనే చూశాను. మా ఆవిడ కుడిచెయ్యి కర్రని లాగుతోంది. ఎడమచెయ్యి మాత్రం ఆ పని చేయడం లేదు. పూలతీగ మధ్యలో ఒకేచోట గోళ్ళతో గీరుతోంది. గోళ్ళు విరిగి నెత్తురు కారుతున్నా ఆగడం లేదు. ఒక చెయ్యి వాడి మాట వింటోంది. రెండో చెయ్యి నన్నేదో అడుగుతోంది. ఒకే మనిషిలో రెండు బేరాలు!

అక్కడ ఏముందో నాకు తెలుసు. పాత చెక్క ఇంటికి రాగానే అందులో ఉన్న మేకులన్నీ పీకేయడం మా పనిలో మొదటి నియమం. ఒక్కటి మిగిలినా రంపం పళ్ళు పోతాయి. ఈ తలుపులో మాత్రం లోతుగా దిగిన నల్లటి మేకు ఒకదాన్ని వదిలేశాను. పీకితే చెక్కడం చీలిపోతుంది, తలుపు విలువ పోతుంది. అందుకే జిగురులో రంపపుపొట్టు కలిపి పూసి, పైన రంగు వేసి మూసేశాను.

"అమ్మా" అన్నాను, నా భార్య ముఖంలో ఉన్న ఆ పరాయిదానితో. "మేకు పీకుతాను. నా భార్యని వదిలేస్తావా?"

"పీకు..." ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టుంది ఆ గొంతు.

"ముందు కర్ర మీద చెయ్యి తియ్యి."

"అది... నా చేతిలో... లేదు..."

మేకు పీకాలంటే రెండు చేతులూ కావాలి. కర్ర వదిలేయాలి! వ్యాపారంలో అడుగుపెట్టిన నాటినుంచి ప్రతిఫలం అందకుండా సరుకు చేయి దాటనిచ్చినవాణ్ణి కాను. ఇక్కడ పణంగా ఉన్నది నా భార్య. పూచీ ఇస్తున్నది ఒక ప్రేతం!

"అల్లుడూ, ఏం ఆలోచిస్తున్నావయ్యా!" అత్తగారు ఏడుస్తూ అరిచింది.

కర్ర వదిలేశాను.

తలుపు పక్కన గోడకి ఆనించి ఉన్న ఇనపకడ్డీ అందుకుని, మేకు తల కింద దూర్చి, ఒంట్లో బలమంతా పెట్టి ఎత్తాను. పూలతీగ నిలువునా చీలింది. అదే క్షణంలో కర్ర ఊడిపడింది... తలుపు భళ్ళున తెరుచుకుంది... నా కాళ్ళ దగ్గర మేకు పడింది. అది ఇనుము కాదు. నల్లగా కాల్చిన ఎముక!

గుమ్మం ముందు వాడు! చేతిలో కపాలం. దాని నుదుట ఆ ఎముక పట్టేంత రంధ్రం. "రా!" అని చెయ్యి చాచాడు. మా ఆవిడ కాలు గడప మీదికి లేచింది... అక్కడే ఆగింది. మరుక్షణం నా చేతుల్లోకి వాలిపోయింది.

వాడి చూపు నేల మీది ఎముక మీద పడింది. ముఖం పాలిపోయింది. "ఎంత పని చేశావురా!" అని కీచుగా అరిచాడు.

తలుపు బందులు తెంచుకుంది! వాణ్ణి దాటి వెళ్ళి వీధి మధ్యలో, వానలో, ద్వారబంధం లేకుండా నిటారుగా నిలబడింది. చీలిన చెక్క మెల్లగా తెరుచుకుంది. దాని వెనక వీధి లేదు... అంధకారం! వాడి చేతిలోని కపాలం పళ్ళు కొరికింది. వాడు మంత్రం అందుకోబోయాడు, నోరు పెగల్లేదు. కాళ్ళు వాటంతటవే అటు నడిచాయి. ద్వారబంధమే లేని చోట వేళ్ళతో గాలిని పట్టుకోవాలని చూశాడు.

"వద్దు! నిన్ను వదిలేస్తాను... వదిలేస్తాను తల్లీ..!"

తలుపు మూసుకుంది. లోపలివైపు గడియ పడిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. ఆపైన పిడుగు పడినట్టు అది నేలకూలి ముక్కలైంది. ముక్కల కింద వాడు లేడు. కపాలం లేదు. వెనక్కి తిరిగి చూస్తే ఎముక ఉన్నచోట చారెడు బూడిద.

తెరిచిన గుమ్మంలోంచి జల్లు కొడుతుంటే మా ఆవిడ కళ్ళు తెరిచింది. నల్లగుడ్లు కదిలాయి.

"ఏమండీ... చేతులు మండిపోతున్నాయి. ఏం చేశారు నన్ను? అలా గుడ్లప్పగించి చూడకపోతే కాస్త ఊదొచ్చుగా!"

లెక్క అక్కడికి తేలింది. పోయింది ఒక టేకు తలుపు. దక్కినవి నన్ను తిట్టే నోరొకటి, ఊదమని నా ముందుకు చాచిన పది వేళ్ళు.